ఇచ్చే చేతికి హ్రీ: బాలలకు సహాయ మర్యాద నేర్పిన చరిత్ర



హైదరాబాదులో తార్నాక కూడలి సాయంసమయాన ఎట్లా ఉంటుందో ఆ దారిన నడిచినవారందరికీ తెలుసు. ఒక మార్గం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి పోతుంది. ఒకటి సికింద్రాబాదు వైపు, ఒకటి హబ్సిగూడ వైపు, మరొకటి లాలాపేట వైపు చీలుతాయి. పైన మెట్రో రైలు, క్రింద బస్సులు, ఆటోలు, వాటి నడుమ విద్యార్థులు, కూరగాయల సంచులతో ఇళ్లకు మరలే వృద్ధులు. ఇటువంటి చోట తెల్లకర్ర చేతబట్టి ఒక అంధుడు దారి దాటడానికి నిలిచి ఉన్నాడనుకుందాం. ఏడేళ్ల బాలుడొకడు తల్లి చేయి విడిపించుకొని పరుగున వెళ్లి, కర్ర పట్టుకున్న ఆ చేతినే పట్టి ముందుకు లాగుతాడు. అంధుడు ఉలిక్కిపడతాడు. అడుగు తడబడుతుంది. కర్ర నేలను తాకడం మానగానే ఆయనకు దారి తెలియకుండా పోతుంది. చూస్తున్న తల్లి మాత్రం తన బిడ్డ ఎంత దయామయుడో అని మురిసిపోతుంది.

ఈ దృశ్యంలో దోషం ఎవరిది? బాలుని హృదయం నిర్మలమైనది. తల్లి ఆనందం సహజమైనది. అయినప్పటికీ సాయం పొందినవాడు భయపడ్డాడు. సత్సంకల్పం ఉన్నా విధానం తెలియనందువలన ఉపకారం అపకారానికి ఇంత సమీపంగా వచ్చి నిలిచింది. దయ కలిగి ఉండడం ఒకటి, దయను మర్యాదతో అందించడం మరొకటి. మొదటిది చాలామంది బాలలకు పుట్టుకతోనే వస్తుంది. రెండవది నేర్పితేనే వస్తుంది. మన పూర్వులు ఆ రెండవదాన్ని ఎట్లా నేర్పారు, ఆ బోధ కాలక్రమాన ఎవరి చేతుల మీదుగా ఈ విశ్వవిద్యాలయ ప్రాంగణం దాకా వచ్చింది అన్నది విచారింపదగిన చరిత్ర.

శిక్షావల్లి చెప్పిన దానలక్షణం

తెలుగునాట అత్యధికంగా అధ్యయనంలో ఉన్నది కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ. ఆ ఉపనిషత్తులోని శిక్షావల్లిలో, వేదాధ్యయనం ముగించి గృహోన్ముఖుడైన శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం సుప్రసిద్ధం. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవంగా భావించమన్న ఉపదేశం అందరికీ కంఠస్థం. దాని వెంబడే దానవిధి వస్తుంది. దానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదు.

ఇవ్వమని మాత్రమే చెప్పి ఆచార్యుడు ఊరుకోలేదు. ఎట్లా ఇవ్వాలో చెప్పాడు. శ్రద్ధతో ఇవ్వాలి, అశ్రద్ధతో ఇవ్వరాదు. తన విభవానికి తగినట్లు ఇవ్వాలి. హ్రీతో, అనగా లజ్జతో ఇవ్వాలి. భయంతో ఇవ్వాలి. సంవిత్తుతో ఇవ్వాలి. ఈ వరుసలో ఆధునికుణ్ణి ఆశ్చర్యపరిచేవి లజ్జ, భయం అనే రెండు పదాలు. లోకంలో సిగ్గుపడేవాడు సాధారణంగా పుచ్చుకునేవాడు. భయపడేవాడూ అతడే. శ్రుతి ఆ భారాన్ని తీసి ఇచ్చేవాని తలమీద పెట్టింది. ‘నేను ఇచ్చేది ఎంత స్వల్పం’ అని ఇచ్చేవాడు సిగ్గుపడాలి. ‘నా మాటలో, చూపులో, స్పర్శలో ఎదుటివాని మనస్సు నొచ్చుకుంటుందేమో’ అని ఇచ్చేవాడు భయపడాలి. సంవిత్ అంటే మైత్రి మొదలైనదని శంకర భగవత్పాదులు భాష్యంలో వివరించారు. తెలిసి ఇవ్వడం, అవగాహనతో ఇవ్వడం అన్న అర్థమూ ఆ శబ్దానికి సహజంగానే ఉన్నది. స్నేహితునికి చేసినట్లు చేయాలి, ఎదుటివాని అవసరమేమిటో ఎరిగి చేయాలి అని తాత్పర్యం.

తార్నాక కూడలిలోని బాలునికి శ్రద్ధ ఉన్నది. అతనికి ఎవరూ చెప్పనివి హ్రీ, భయం, సంవిత్తు. ఈ మూడూ లేని సాయం ఎంత వేగంగా వచ్చినా దండయాత్రలా ఉంటుంది.

ముందు చేయి చాచడం, తరువాత చేయి అందించడం

శిక్షావల్లి అనుశాసనం విద్యాంతంలో వచ్చేది. విద్యారంభంలో ఏమి జరిగేది? ఉపనయనమైన దినాననే వటువు భిక్షాపాత్ర పట్టేవాడు. ఎనిమిదేళ్ల బాలునికి గురుకులం నేర్పిన తొలి లోకవ్యవహారం అడగడం. మొదట యాచన నేర్చినవాడే తరువాత దాత అయ్యేవాడు. ఈ క్రమంలోనే ఒక గొప్ప మనోధర్మం దాగి ఉన్నది.

భిక్ష అడగడానికి కూడా విధి ఉన్నది. అడిగే వాక్యంలో ‘భవతి’ అన్న గౌరవ సంబోధన తప్పనిసరి. తొలి భిక్షను ఎవరి వద్ద అడగాలో మనుస్మృతి చెప్పింది: తల్లి వద్ద, సోదరి వద్ద, తల్లి సోదరి వద్ద, లేదా ఆ బాలుణ్ణి అవమానింపని మరొక స్త్రీ వద్ద. ధర్మశాస్త్రకారుడు ఎంత సూక్ష్మంగా ఆలోచించాడో గమనించాలి. చేయి చాచిన పసివానికి మొదటి అనుభవమే తిరస్కారం కారాదు. అడిగే స్థితిలో ఉన్నవాని మానం ఎంత సుకుమారమైనదో శాస్త్రానికి తెలుసు కనుకనే ఈ ఏర్పాటు.

ఆ తరువాతి దినాలలో వటువు నానా గృహాల ముంగిట నిలిచేవాడు. ఒక ఇల్లాలు నవ్వుతూ పెట్టేది. ఒక ఇంట విసుగుతో విసిరేవారు. ఒక ఇంట ఎంతసేపటికీ పలికేవారు కారు. తెచ్చినదంతా ఆచార్యునికి నివేదించి, ఆయన అనుజ్ఞ అయ్యాకనే భుజించాలి. అందువలన తెచ్చినది తనదన్న అభిమానమూ పెరగదు. ఇన్నేళ్లు ఇట్లా గడిపినవానికి, రేపు తానే గృహస్థుడై తన ముంగిట మరొక వటువు నిలిచినప్పుడు ఎట్లా పెట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు. పుచ్చుకునే చేతి బాధ ఎరిగినందువలన ఇచ్చే చేతికి మర్యాద తానే వస్తుంది.

ఈ శిక్షణ అందరికీ అందలేదన్నదీ చరిత్రలో భాగమే. భిక్షాపాత్ర బాలుర చేతికే, అందులోనూ కొన్ని వర్ణాల బాలుర చేతికే వచ్చింది. బాలికలకు, తక్కిన బాలలకు ఆ విద్య ఇంటి ఆచారాల ద్వారా, పెద్దల నడవడి ద్వారా అందవలసి వచ్చింది. ఆ పరిధి ఎట్లా విస్తరించిందో ముందు చూద్దాం.

దారి ఇవ్వడం అనే ప్రథమ పాఠం

తెలుగు వైదిక కుటుంబాలలో అధికులు అనుసరించేది ఆపస్తంబ సూత్రం. ఆపస్తంబ ధర్మసూత్రంలో మార్గమర్యాద కూడా ధర్మంగానే చెప్పబడింది. వాహనానికి, బరువు మోసేవానికి, రోగికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలని విధి. మనుస్మృతి ఈ వరుసలో తొంబదేళ్లు దాటిన వృద్ధుణ్ణి కూడా చేర్చింది.

ఇది సహాయ ధర్మంలో అత్యంత ప్రాథమిక రూపం. దారి ఇచ్చేవాడు ఎదుటివానిని తాకడు, ప్రశ్నించడు, అతని బరువును లాక్కోడు, అతనికి కృతజ్ఞతాభారం కలిగించడు. తాను ఒక అడుగు ప్రక్కకు జరుగుతాడు, అంతే. పసివానికి నేర్పదగిన తొలి ఉపకారం ఇదే. రైలు స్టేషనులో మెట్ల ఒక ప్రక్కగా నడవడం, బస్సులో వృద్ధురాలు ఎక్కగానే లేచి నిలవడం, తలుపు వద్ద గర్భిణిని ముందు పోనివ్వడం ఇవన్నీ ఆ సూత్రానికి నేటి రూపాలు. జామై ఉస్మానియా స్టేషనులో గాని, ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో గాని రైలు ఆగినప్పుడు దిగేవారికి ముందు దారి విడిచిన బాలుడు తెలియకనే ఆపస్తంబుని ఆజ్ఞను పాటిస్తున్నాడు.

వారాల భోజనం, సీతమ్మగారి ముంగిలి

గురుకులాలు క్షీణించిన తరువాత భిక్షాచర్య తెలుగుదేశంలో మరొక రూపం ధరించింది. దానినే వారాలు చేసుకోవడం అన్నారు. పట్టణానికి చదువుకోవడానికి వచ్చిన పేద విద్యార్థి ఏడు ఇళ్లు చూసుకొని, ఒక్కొక్క ఇంట వారానికి ఒక్క దినం భోజనం చేసేవాడు. అతడే వారాలబ్బాయి. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధం వరకు ఎందరో పేద విద్యార్థుల చదువు ఈ ఏడు ఇళ్ల మీదనే నిలిచింది.

వారాలబ్బాయికి పెట్టే ఇల్లే ఆ ఇంటి బిడ్డలకు పాఠశాల. కొన్ని ఇళ్లలో ఆ అబ్బాయిని తమ పిల్లల పంక్తిలోనే కూర్చోబెట్టి, వారికి వడ్డించినదే వడ్డించేవారు. మారు వడ్డించేటప్పుడు అతడు అడిగే అవసరం రాకుండా విస్తరిని కనిపెట్టి ఉండేవారు. కొన్ని ఇళ్లలో అందరూ తిన్నాక అరుగుమీద మిగిలినది పెట్టేవారు. రెండు ఇళ్లలోనూ పెట్టినది అన్నమే. కాని మొదటి ఇంటి పిల్లలు ఒక విద్య నేర్చారు, రెండవ ఇంటి పిల్లలు మరొక విద్య నేర్చారు. పెద్దలు ఏ స్వరంతో పిలిస్తే పిల్లలూ ఆ స్వరంతోనే పిలుస్తారు. సహాయ మర్యాద ఉపన్యాసం వలన రాదని చెప్పడానికి వారాల భోజనం కన్న మంచి నిదర్శనం లేదు.

అన్నదానంలో ఈ హ్రీని పరాకాష్ఠకు చేర్చిన తల్లి గోదావరి సీమకు చెందిన డొక్కా సీతమ్మగారు (1841–1909). లంకల గన్నవరంలో ఆమె ఇంటికి వేళగాని వేళ వచ్చినవారికీ వంట చేసి పెట్టేవారు. ఒకసారి ఆమె అంతర్వేది యాత్రకు బయలుదేరారట. సీతమ్మగారింటికి చేరితే ఆకలి తీరుతుందని ఎవరో మార్గమధ్యంలో చెప్పుకోవడం విని, దైవదర్శనం మాని వెనుదిరిగి, వారికన్న ముందే ఇల్లు చేరి వండి సిద్ధం చేశారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. వచ్చినవారు తాళం వేసిన తలుపు చూసి చిన్నబుచ్చుకోరాదన్నదే ఆ తల్లి ఆరాటం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. ఆ అన్నం తినే పిల్లలకు ఆమె కథ కూడా తెలిస్తే ఆ పేరుకు సార్థకత.

కాకినాడ బాలిక చేతిలో భిక్షాపాత్ర

అదే గోదావరి సీమలో, సీతమ్మగారు పరమపదించిన సంవత్సరమే, 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో ఒక బాలిక జన్మించింది. ఆమెయే తరువాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రఖ్యాతి పొందిన దుర్గాబాయమ్మ. ఉపనయన సంస్కారం లేని బాలిక, తన యుగానికి తగిన భిక్షాచర్యను తానే చేపట్టిన చరిత్ర ఇది.

1921 ఏప్రిల్‌లో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్లు నిండలేదు. ఊరిలోని దేవదాసీ స్త్రీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు మహాత్ముణ్ణి చూసే అవకాశం లేక ఉన్నారు. సామాన్య సభకు వారు రాలేరు. వచ్చినా ఆదరణ ఉండదు. వారికొరకు ప్రత్యేకంగా ఒక సభ జరగాలని ఆ బాలిక సంకల్పించింది. నిర్వాహకులు అయిదు వేల రూపాయల నిధి సమర్పిస్తే కొద్ది నిమిషాల సమయం ఇస్తామన్నారు. పెద్దలకే భారమైన మొత్తం అది. ఆ బాలిక వెనుదీయలేదు. ఆ స్త్రీల వద్దకే వెళ్లింది. వారే ముందుకు వచ్చి నిధి సమకూర్చారు. కొద్ది నిమిషాలకని వచ్చిన మహాత్ముడు అరగంటకు పైగా వారితో మాట్లాడారు. స్త్రీలు తమ నగలు తీసి స్వరాజ్య నిధికి అర్పించారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగు చేసి చెప్పినది ఆ బాలికయే.

ఈ ఘట్టాన్ని సాధారణంగా దేశభక్తికి ఉదాహరణగా చెబుతారు. సహాయ మర్యాదకు కూడా ఇది ఉత్తమోదాహరణం. సమాజం చిన్నచూపు చూసిన స్త్రీలను ఆ బాలిక ఉద్ధరింపవలసిన దీనులుగా చూడలేదు. వారి ఇంటికి వెళ్లి అడిగింది. వారిని దాతలుగా నిలిపింది. ఎవరికి సాయం చేయదలచిందో వారి చేతనే ఇప్పించి, వారి గౌరవాన్ని వారికి కనబరచింది. శిక్షావల్లిలో చెప్పిన హ్రీ, సంవిత్ ఈ పసిదాని నడవడిలో మూర్తీభవించాయి.

1923లో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె స్వచ్ఛంద సేవికగా ప్రదర్శనశాల ద్వారం వద్ద నిలిచింది. టికెట్టు లేకుండా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చాకనే విడిచింది. నెహ్రూ ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు. మర్యాద అంటే అందరికీ తలవంచడం కాదు. పెద్దవానికైనా, పేదవానికైనా ఒకే విధిని వినయంతో చెప్పడం కూడా మర్యాదయే.

బృందావనం నుండి ఉస్మానియా ప్రాంగణానికి

ఉప్పు సత్యాగ్రహ కాలంలో దుర్గాబాయమ్మ కారాగారవాసం చేశారు. అక్షరజ్ఞానం లేని స్త్రీ ఖైదీల దుఃస్థితి చూసి వారి విద్యకై పాటుపడాలని నిశ్చయించుకున్నారు. విడుదలయ్యాక తాను చదువు కొనసాగిస్తూ, మద్రాసు మైలాపూరులో పిల్లలకొరకు ఒక చిన్న సంఘాన్ని నడిపారు. దాని పేరు ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’. ఆ బాలికల కూటమి నుండే 1937లో ఆంధ్ర మహిళా సభ ఆవిర్భవించింది. ఆసుపత్రులు, కళాశాలలు నడిపిన ఒక మహాసంస్థకు బీజం పసిపిల్లల ఆటపాటలలో పడిందన్నమాట. బాల్యంలో పడిన సంస్కారం ఎంత దూరం పోగలదో దీనివలన తెలుస్తుంది.

తరువాత ఆమె రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యురాలయ్యారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఢిల్లీలోని అంధుల సహాయ సంఘానికి అధ్యక్షత వహించినప్పుడు, అంధులకు వసతితో కూడిన పాఠశాలను, చేతిపని నేర్పే కర్మశాలను ఏర్పరచారు. అంధునికి దారి దాటించడం ఒక ఉపకారం. అతడు తన కాళ్ల మీద తాను నిలిచేటట్లు విద్య ఇవ్వడం మరింత గొప్ప ఉపకారం. పుచ్చుకునేవాడు ఎల్లకాలం పుచ్చుకునేవాడుగానే ఉండిపోరాదన్నది ఆమె సేవకు మూలసూత్రం.

జీవిత చరమభాగంలో దుర్గాబాయమ్మ కార్యక్షేత్రం హైదరాబాదు అయినది. ఆంధ్ర మహిళా సభ వారి మహిళా కళాశాల, సాక్షరతా భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే వెలిశాయి. ఈ ప్రాంగణం చరిత్ర వేరు. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశభాష ఉర్దూలో ఉన్నతవిద్య బోధించాలన్నది ఆనాటి సంకల్పం. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు పిల్లలకు నేర్పే ‘అదబ్’, తెలుగు ఇళ్లలోని వినయం ఈ నగరంలో ఒకే వీధిలో పెరిగాయి. పెద్దలను బహువచనంతో పిలవడం, తాను కూర్చొనక ముందు ఎదుటివారిని కూర్చోమనడం, ఇచ్చేటప్పుడు కుడిచేతితో వినమ్రంగా ఇవ్వడం రెండు సంప్రదాయాలకూ సమ్మతమే. అటువంటి నేల మీదికి గోదావరి తీరపు సేవాధర్మం వచ్చి చేరింది.

తార్నాక నేర్పే సంవిత్తు

పూర్వం ఇక్కడ ముళ్లతీగె కంచె వేసిన తోట ఒకటి, దానికి ఒక కావలి నాకా ఉండేవని, ‘తార్’, ‘నాకా’ కలిసి తార్నాక అయినదని చెబుతారు. కంచె పేరు మోస్తున్న ఈ పేటలోనే, విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని, ఆకలిని శాస్త్రీయంగా విచారించే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న పరిశోధనశాలగా ప్రారంభించిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969లో ప్రస్తుత నామం పొందింది.

సంవిత్తుతో ఇవ్వడమంటే ఏమిటో ఈ సంస్థ చరిత్ర చెబుతుంది. ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లలు ఎందరో ‘ఎ’ విటమిను లోపంతో చూపు కోల్పోయేవారు. చూపు పోయాక జాలిపడి చేయి పట్టుకొనేవారు ఉండవచ్చు. కాని ఆ బిడ్డకు లోపించినదేమిటో ముందే తెలుసుకొనవలసి ఉన్నది. ఆరు నెలలకొకసారి అధిక మోతాదులో ‘ఎ’ విటమిను ఇస్తే ఈ అంధత్వాన్ని నివారింపవచ్చునని ఈ సంస్థ పరిశోధనలు నిరూపించాయి. వాటి ఆధారంగా 1970లో జాతీయ కార్యక్రమం ఆరంభమైనది. అవసరమేమిటో ఎరగకుండా ఇచ్చిన దానం కన్న, ఎరిగి ఇచ్చిన ఒక్క చెంచా ఔషధం మిన్న. బాలునికి మనం నేర్పే ‘ముందు అడుగు, తరువాత చేయి’ అన్న చిన్న నియమం, శాస్త్రజ్ఞుల ఈ మహాకార్యం ఒకే ధర్మానికి రెండు రూపాలు.

ఇంట నేర్పవలసిన క్రమం

ఇంత చరిత్ర సారాంశాన్ని తల్లిదండ్రులు ఐదారేళ్ల బిడ్డకు ఎట్లా చెప్పాలి? దానికి శ్రీమద్రామాయణంలో హనుమంతుడే ఆచార్యుడు. ఋష్యమూక ప్రాంతంలో రామలక్ష్మణులను తొలిసారి సమీపించినప్పుడు ఆయన మొదట నమస్కరించి, మృదువుగా పలకరించి, వారెవరో అడిగాడు. ఆ మాటతీరుకే శ్రీరాముడు ముగ్ధుడై లక్ష్మణునితో ప్రశంసించాడు. వారిని వీపుపై మోసినది ఆ తరువాత. పలకరింపు ముందు, మోయడం వెనుక.

ఆ క్రమంలోనే బిడ్డకు మొదట పలకరింపు నేర్పాలి. ‘తాతగారూ’, ‘అమ్మా’, ‘అన్నా’ అని వరుసతో పిలిచి, ఎదురుగా వారికి తెలిసేటట్లు నిలవాలి. రెండవది అడగడం. ‘నేను సాయం చేయనా?’ అని అడిగి, సమాధానం వచ్చేదాకా ఆగాలి. ఆగడమే బిడ్డకు కష్టం. కనుక దానినే ఎక్కువగా అభ్యసింపజేయాలి. మూడవది, వద్దంటే సంతోషంగా ‘సరేనండి’ అని తొలగడం. వద్దన్నవారు మనలను అవమానించలేదు. తమకు శక్తి ఉన్నదని చెప్పారు, అది మంగళకరమైన వార్తయే. నాలుగవది, ఎట్లా చేయాలో వారినే అడగడం. అంధుడు సాధారణంగా మన చేయి పట్టి లాగడం కోరడు. తానే మన మోచేతిని పట్టుకొని అరడుగు వెనుకగా నడుస్తాడు. చక్రాల కుర్చీలో ఉన్నవారు అడగకుండా ఆ కుర్చీని తోస్తే తమ శరీరాన్నే తోసినట్లు భావిస్తారు. నత్తిగా మాట్లాడేవారి వాక్యాన్ని మనం పూర్తి చేయరాదు. ఐదవది, చేసినదాన్ని చాటుకోకపోవడం. హోమంలో ఆహుతి వేస్తూ ఇది నాది కాదని యజమానుడు చెప్పే త్యాగవచనం ఇక్కడ కూడా వర్తిస్తుంది. బిడ్డ చేసిన ఉపకారాన్ని ఫోటో తీసి పదిమందికి పంపే తల్లిదండ్రులు, తెలియకనే పుచ్చుకున్నవాని హ్రీని బజారుకు ఈడుస్తున్నారు.

ఒక సందేహం కలుగవచ్చు. ఆపదలో కూడా అడుగుతూ కూర్చోవాలా? అక్కరలేదు. జటాయువు సీతమ్మ ఆక్రందన విని అనుజ్ఞకై నిరీక్షింపలేదు. ఎవరైనా పడిపోతే, వాహనం మీదికి వస్తుంటే ఆలస్యం తగదు. అయితే పసివాడు తానే దూకక, వెంటనే పెద్దలను కేకవేసి పిలవడం అతని వయస్సుకు తగిన సాయం. అపరిచితుల వెంట ఒంటరిగా పోవడం సాయం కాదని కూడా బిడ్డకు స్పష్టంగా చెప్పాలి.

మరొక సందేహం భాగవతం చదివినవారికి కలుగుతుంది. కుచేలుడు అడగలేదు, శ్రీకృష్ణుడు అతణ్ణి అడగనూ లేదు. అటుకులు తిని, మిత్రుని సాగనంపి, అతడు ఇల్లు చేరేసరికి సమస్త సంపదా సమకూర్చాడు. మరి అడగకుండా ఇచ్చిన దానం ఉత్తమం కాదా? నిశ్చయంగా ఉత్తమమే. కాని ఆ ఇచ్చినవాడు సర్వజ్ఞుడు. కుచేలుని లోపలి కోరిక, అతని భార్య ఆకలి, అతని అభిమానం అన్నీ ఆయనకు తెలుసు. మనం అల్పజ్ఞులం. ఎదుటివాని హృదయం మనకు కనబడదు. కనుక ఆయన అడగకుండా ఇచ్చాడు, మనం అడిగి ఇవ్వాలి. అడగడం అంటే మన అజ్ఞానాన్ని వినయంతో ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలే హ్రీ.

ఈ విద్యకు పునాది మాత్రం భిక్షాచర్య చెప్పినదే. ఇవ్వడం నేర్పడానికి ముందు పుచ్చుకోవడం నేర్పాలి. బిడ్డ కిందపడి మోకాలు చీరుకున్నప్పుడు, ‘ఎత్తుకోనా నాన్నా, నువ్వే లేస్తావా?’ అని ఒక్క మాట అడిగి చూడండి. చొక్కా బొత్తాము పెట్టుకోలేక పెనుగులాడుతున్నప్పుడు చటుక్కున లాక్కొని పెట్టక, ‘నన్ను పెట్టమంటావా?’ అని అడగండి. తనను అడిగి సాయం చేసినప్పుడు కలిగే తృప్తి ఎట్టిదో బిడ్డకు తెలుస్తుంది. రేపు ఆ మాటనే అతడు ఇతరుల వద్ద పలుకుతాడు.

అప్పుడు తార్నాక కూడలిలో అదే బాలుడు, అదే అంధుని ప్రక్కకు వెళ్లి, కర్రను తాకకుండా, ‘తాతగారూ, దారి దాటాలా? నేను, అమ్మ తోడు రామా?’ అని అడుగుతాడు. ఆయన ఒక క్షణం ఆలోచించి, ‘రండి నాన్నా’ అని తల్లి మోచేతిని పట్టుకొనవచ్చు. లేదా, ‘వద్దు నాయనా, నాకు అలవాటే, చల్లగా ఉండు’ అని ఆశీర్వదించి తన దారిన పోవచ్చు. రెండింటిలోనూ బాలుడు ధర్మాన్ని ఆచరించినవాడే. రెండింటిలోనూ ఆ వృద్ధుడు భయపడకుండా దారి దాటాడు.

లోకాః సమస్తాః సుఖినో భవంతు.